ఇరుసు మీద ణ

చిరంజీవి అమ్మడికి నానమ్మ దీవెనలు.

ఇక్కడ మేమందరం కులాసా. మీ నాన్న నడుము ఒక్కటే కులాసాగా లేదు. దాని సంగతి దాని వరసలో చెబుతాను, కంగారు పడకు. మీ అమ్మ వేడినీళ్ల సంచీతో కాపడం పెడుతోంది. ఆయన మూలుగుతూనే పేపరు చదువుతున్నాడు. నేను ఎప్పటిలాగే ఉన్నాను, అంటే అందరినీ సరిదిద్దుతూ ఉన్నాను. మీ శిక్షణ కేంద్రం దగ్గర ఫోను పలకదని నువ్వు బాధపడుతున్నావు కానీ, నాకు మాత్రం సంతోషంగానే ఉంది. ఆ వంకతో నీకు మళ్లీ ఉత్తరం రాసే అలవాటు వచ్చింది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నానమ్మగా, రెండోసారి ఎర్ర సిరా కలం పట్టుకుని. దస్తూరి బాగుంది. పేరాకీ పేరాకీ మధ్య చోటు వదిలావు, అదీ బాగుంది. కానీ రెండో పేజీలో "మందు సీసాలు పగిలితే నా ప్రానం పోయినట్టే" అని రాశావు. పశువుల డాక్టరు పరీక్ష గట్టెక్కినదానివి. ఆవు పొట్టలో ఎన్ని గదులుంటాయో నిద్రలో లేపి అడిగినా చెబుతావు. ప్రాణానికి ఏ అక్షరం రాయాలో మాత్రం ఇంకా తెలియలేదు. ఆ మాట దగ్గరికి చివర్లో మళ్లీ వస్తాను. గుర్తుపెట్టుకో.

బండికి టేకు సొరుగులు చేయిస్తున్నామని నేను రాస్తే నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. బండి ఇప్పుడు చూడడానికి ఎలా ఉంది? అందులో సీసాలు భద్రంగా ఉంటాయా? నాన్న ఇంకా అదే పట్టు మీద ఉన్నాడా? సొరుగులకి అంత మంచి టేకు చెక్క ఎక్కడ దొరికింది? మొదటి మూడింటికీ వరసగా చెబుతాను. నాలుగోదానికి జవాబు ఆఖర్న. ఎందుకని అడగకు. కష్టమైన ప్రశ్న ఆఖర్న రాయమని మీ అందరికీ నేర్పింది నేనే.

ముందు బండి. నువ్వు చూసినప్పుడు మన మొండిగోడల షెడ్డులో దుమ్ము కప్పుకుని, ఒక చక్రానికి గాలి లేకుండా, వెనక సీట్లో పిల్లి పిల్లల్ని పెట్టుకుని ఉండేది. ఇప్పుడు ఎదురుపడితే నువ్వు "ఎవరిదీ జీపు?" అని అడుగుతావు. వెనక సీటు తీసేశాం. పిల్లికి వేరే పెట్టె ఇచ్చాం. సీటు ఉన్న చోట ఎడమవైపొకటి, కుడివైపొకటి, రెండు సొరుగుల బీరువాలు. అన్నీ వెనక తలుపు వైపుకే తెరుచుకుంటాయి. సొరుగుల లోపల పాత కంబళి ముక్కలు అంటించాను. వెనక తలుపు కిందికి వాల్చి, కింద ఒక గొట్టం కాలు ఆనిస్తే అదే బల్ల. మేకపిల్లని దాని మీద పడుకోబెట్టి నువ్వు నిలబడే చూడొచ్చు, నడుం వంచక్కర్లేదు. ఎత్తు నీ మోచేతికి సరిపోయేలా కొలిచాను. నీ కొలత నా దగ్గర ఎలా ఉందంటావా? వంటింటి గుమ్మం మీద నీ ఎత్తు ఏటేటా గీసింది ఎవరు?

ఇనుప పని అంతా మన పక్కవీధి వెల్డరమ్మది. నీకు గుర్తుందిగా, అందరూ నిప్పురవ్వ అంటారు. నా దగ్గరే చదువుకుంది. డిక్టేషన్ అంటే బడి గోడ దూకేది. ఇప్పుడు వాళ్ల షెడ్డుకి నేను వెళితే మాత్రం ముఖానికి ఆ నల్ల అద్దం తగిలించుకునే మాట్లాడుతుంది.

"అది తీసి మాట్లాడవే" అన్నాను.

"ఇది ఉంటేనే ధైర్యంగా ఉంటుంది టీచర్ గారూ. మీ ముందు తీస్తే ఎక్కాలు అడుగుతారేమోనని."

కానీ చెయ్యి మంచిది. బండి ఎంత ఎగిరినా సొరుగు తనంతట తాను బయటికి రాకుండా, కాస్త పైకెత్తి లాగితేనే వచ్చే గడియలు చేసింది. ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని అద్దం పక్కనుంచి పైకప్పుదాకా లేపింది. వాగులో దిగినా ఇంజనులోకి నీళ్లు పోవు. పాత ఇనుప మంచం కోసి పైన సామాన్ల చట్రం చేసింది. బురదలో చక్రం కింద వేసుకోవడానికి బొక్కలు కొట్టిన రెండు ఇనుప పలకలు కూడా.

సీసాల సంగతి మీ అమ్మ చూసుకుంది. పాత గుడారం గుడ్డతో చుట్ట చుట్టుకునే సంచీలు కుట్టింది. ఒక్కో సీసాకి ఒక్కో జేబు, జేబుకీ జేబుకీ మధ్య దూది. చుట్ట విప్పితే సీసాలన్నీ వరసగా నిలబడి ఉంటాయి, బడి ప్రార్థనలో పిల్లల్లాగా. మీ అమ్మ ఎప్పుడూ తన పని గురించి తను చెప్పుకోదు కాబట్టి నేను చెబుతున్నాను: ఆ కుట్టు గట్టిది. నేను లాగి చూశాను.

ఇక సామాను సర్దడం నా వంతు. ఇది జాగ్రత్తగా చదువు.

ఏ వస్తువుకైనా ఒక పేరుంటుంది. పేరుంటే దానికి మొదటి అక్షరం ఉంటుంది. కాబట్టి ప్రతి వస్తువుకీ ముందే నిర్ణయమైన చోటు ఉన్నట్టే. ఎడమ బీరువాలో పైనుంచి కిందికి క వర్గం, చ వర్గం, ట వర్గం. కుడి బీరువాలో త వర్గం, ప వర్గం, య నుంచి హ దాకా. ఒక్కో సొరుగు లోపల అక్షరానికో గడి. అచ్చులకి పైన చిన్న అర. అక్షరాలు తెల్ల రంగుతో నేనే రాశాను, తలకట్లు చెదరకుండా. కొండ మీద వానలో, నీ చేతులు రెండూ దూడ కడుపులో ఉన్నప్పుడు, పక్కనున్న ఏ కాపరినైనా "కత్తెర" అని అడిగితే చాలు, చదువు వచ్చినవాడెవడైనా తెచ్చిస్తాడు. ఈ ఆలోచన నాకు వచ్చినందుకు నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

మీ నాన్న సొరుగులు లాగి చూస్తూ, "ఖ గడిలో ఏముందమ్మా?" అన్నాడు.

"ఖాళీ" అన్నాను.

"అదీ ఖతోనే" అని నిప్పురవ్వ అద్దం వెనకనుంచి పకపకా నవ్వింది.

ఇప్పుడు మీ నాన్న పట్టు దగ్గరికి వద్దాం. నువ్వు వెళ్లేటప్పుడు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోలేదు. కొండ మీది మందల్ని చూసే పని సొంత బండి ఉన్నవాళ్లకే ఇస్తారని మీ శాఖవాళ్లు అన్నారు. లేకపోతే పట్నంలో ప్రయోగశాల కుర్చీ. ఇంట్లో ఉన్న బండి ఒకటే, అదీ మీ నాన్నది. ఆయనేమో అది నీ చేతికి ఇవ్వడం కంటే పాత ఇనుముకి అమ్మేస్తానన్నాడు. బీమా ఆఫీసులో పనిచేసేవాడికి లోకంలో నిలబడి ఉన్న బండి ఒక్కటీ కనిపించదు. అన్నీ పల్టీ కొట్టినవే.

సొరుగులన్నీ తయారయ్యాక భోజనాల దగ్గర మళ్లీ అదే మాట ఎత్తాడు.

"పెట్టె అందంగా ఉంది, కాదనను. కానీ అమ్మా, కొండకి అందం తెలియదు. ఆ వాగు దగ్గర జారిన బండ్ల ఫోటోలు నా బల్ల మీద ఎన్ని ఉన్నాయో నీకేం తెలుసు?"

"అయితే ఈ బండి ఫోటో కూడా తీసుకుందాం. నిలబడి ఉన్నది."

"అంటే?"

"పూర్తి సామానుతో మందలుండే పై మకాందాకా తీసుకెళదాం. నువ్వే నడుపు. ఒక్క సీసా పగిలినా, బయటివాళ్లెవరైనా వచ్చి లాగాల్సి వచ్చినా, బండి నీ ఇష్టం, అమ్ముకో. అలా జరక్కుండా తిరిగొస్తే, ఇక నోరెత్తకూడదు."

మీ నాన్న అన్నం కలపడం ఆపాడు. మీ అమ్మ వైపు చూశాడు. మీ అమ్మ మంచినీళ్ల జగ్గు వైపు చూసింది. "సరే" అన్నాడు. ఆయన ఒప్పుకోడని నమ్మి పందెం వేశానేమో, ఆ సరే వినగానే నేను మజ్జిగ పోసుకోవడం మరిచిపోయి చెయ్యి కడిగేసుకున్నాను. పోయేది నా మాట కాదు, నీ కొండ.

బయల్దేరే ముందు ఒక సంగతి జరిగింది. దాన్ని దాచకుండా రాస్తున్నాను. సీసాలన్నీ నీళ్లతో నింపి, సామానంతా ఎక్కించాక మీ నాన్న బండిని దూరంనుంచి తల వంచి చూశాడు.

"అమ్మా, ఇది ఎడమకి ఒరిగింది."

"నేల సమంగా లేదు" అన్నాను.

ఆయన ఎక్కి, బండిని ముందుది వెనక్కి తిప్పి, అక్కడే నిలబెట్టి దిగాడు. అప్పుడూ ఎడమకే ఒరిగి ఉంది.

"ఇప్పుడు నేల కూడా తిరిగిందా అమ్మా?"

"కింద స్ప్రింగు పట్టీలు పాతబడి ఉంటాయి. ముసలితనంలో నడుం ఒరగడం మామూలే. ఎక్కు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అన్నాను.

మీ నాన్న నడిపాడు, నిప్పురవ్వ పక్కన కూర్చుంది, నేను వెనక రెండు బీరువాల నడుమ ఖాళీలో దిండు వేసుకుని కూర్చున్నాను. ముందు కూర్చోమన్నారు. కూర్చుంటే సొరుగులు కదులుతున్నాయో లేదో ఎవరు చూస్తారు? రాళ్ల గని దాటాక దారి అనేది పేరుకే. గడియలు ఒక్కటీ ఊడలేదు. సీసాలు కిక్కురుమనలేదు. నేను లోపలనుంచి "బాగుంది, బాగుంది" అంటూనే ఉన్నాను. మీ నాన్న అద్దంలో నన్ను చూసి, "నువ్వు దారి చూస్తున్నావా, సొరుగులు చూస్తున్నావా?" అన్నాడు. "నువ్వు నన్ను చూస్తున్నావా, దారి చూస్తున్నావా?" అన్నాను.

వాగు దగ్గర నీళ్లు మోకాలి లోతు. గాలి గొట్టం చక్కగా పనిచేసింది, ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు. అవతలి గట్టు ఎక్కబోతుండగా ఎడమ వెనక చక్రం బురదలోకి దిగింది. మీ నాన్న ఇంజను గట్టిగా తిప్పాడు. ఇంకాస్త దిగింది. బండి మెల్లగా, నిద్రొస్తున్న మనిషిలా, ఎడమకి వాలింది.

మీ నాన్న చెప్పులు విప్పకుండానే నీళ్లలోకి దూకి వెనక్కి వచ్చాడు.

"చైన్ ఏదమ్మా? ఆ చెట్టు మొదలుకి కట్టి లాక్కుందాం."

"చైన్ అనేది మన బండిలో లేదు."

"లేదా? అంత సామానేసి చైన్ లేదా!"

"గొలుసు ఉంది."

"అదేనమ్మా!"

"అదే అయితే దాని పేరుతో అడుగు."

ఈలోగా ఆయన ఆవేశంగా చ సొరుగు లాగేశాడు. అందులోంచి చీపురు బయటికొచ్చింది. దాన్ని పైకెత్తి పట్టుకుని, నడుందాకా తడిసి, నా వైపు చూసిన ఆ చూపు నేను మర్చిపోలేను.

"కొండెక్కే బండిలో చీపురెందుకు?"

"ఎక్కాక మట్టి ఎవరు ఊడుస్తారు, నువ్వా?"

నిప్పురవ్వ గట్టు మీద కూర్చుని నవ్వుతోంది. "సార్, మా నాన్నయితే దాన్ని సంకెల అనేవాడు. స అంటే కుడివైపు. అక్కడ కూడా చూడండి."

"ముగ్గురికీ మూడు పేర్లు" అని గొణుక్కుంటూ ఆయన గ గడి ఉన్న పై సొరుగుకి వచ్చాడు. ఎత్తి లాగాడు. రాలేదు. బండి ఎడమకి వాలి ఉండడంతో సొరుగు బరువంతా ఒక పక్కకి ఆని బిగుసుకుపోయింది. అప్పుడు చూశాడు మీ నాన్న. నేనూ చూశాను. గొలుసు, గునపం, గొడ్డలి, కొక్కేలు, జాకీ, చక్రాల బోల్టులు విప్పే కడ్డీ, టైరు గాలి పంపు. ఇనుము దాదాపు అంతా ఎడమవైపే. కుడివైపు తువ్వాళ్లు, దూది, పట్టీలు, మందులు, సూదులు. బండి ఒరిగింది స్ప్రింగు పట్టీలు పాతబడి కాదు. మన అక్షరమాలలో బరువంతా ముందే ఉంది.

పందెం నాది, నీ కొండ నా వల్లే పోతోంది.

"ప సొరుగు తియ్యి" అన్నాను. "పలకలున్నాయి, పార ఉంది. కుడివైపు, తేలిగ్గా వస్తుంది."

వచ్చింది. మీ నాన్న పార అందుకున్నాడు. ఆఫీసు ఫ్యాంటు, ఇస్త్రీ చొక్కా, చేతిలో పార. చక్రం చుట్టూ తవ్వడం మొదలుపెట్టాడు. పెళ్లిచూపులకి కూడా అంత శ్రద్ధగా తయారవలేదు. నిప్పురవ్వ పలకలు చక్రం కిందికి తోసి, స్టీరింగు ముందుకి ఎక్కింది.

"బరువు కుడికి కావాలి టీచర్ గారూ" అని అరిచింది.

వెతికితే అక్కడున్న బరువు నేనొక్కదాన్నే. కుడివైపు మెట్టు మీద నిలబడి, పైచట్రం పట్టుకుని, వెనక్కి వాలాను. జీవితమంతా లావు తగ్గమన్న డాక్టర్లని తలుచుకుని ఇంకొంచెం వాలాను.

"అమ్మా, పడతావు! దిగు!"

"నువ్వు తవ్వు. మధ్యలో మాట్లాడకు."

రెండోసారి తోసినప్పుడు చక్రం పలకను పట్టుకుంది. బండి ఒక్క ఊపున గట్టెక్కింది. మీ నాన్న మాత్రం వెనక తోస్తూ తోస్తూ బోర్లా వాగులో పడ్డాడు. నడుం సంగతి అదీ. లేచి, ముఖం తుడుచుకుని, మొదట అడిగిన మాటేమిటో తెలుసా? "సీసాలు చూడమ్మా." తన నడుం కాదు, ఇంజను కాదు. విప్పి చూశాను. అన్నీ నిలబడి ఉన్నాయి.

పై మకాం దగ్గర ఒక కాపరి ఆవిడ గొర్రెల మధ్యనుంచి లేచి వచ్చింది. వాల్చిన తలుపు బల్లని, సొరుగుల్ని, బురద కొట్టుకున్న మమ్మల్ని మార్చి మార్చి చూసింది.

"డాక్టరమ్మ వచ్చిందా?" అని నన్నడిగింది.

"నేను కాదమ్మా. నేను డాక్టరు నానమ్మని."

"మరి డాక్టరు?"

నేను నోరు తెరిచేలోపే మీ నాన్న అందుకున్నాడు. "వస్తుంది. మా అమ్మాయి. ట్రైనింగు అవగానే ఈ బండిలోనే వస్తుంది."

"వస్తామనే చెబుతారయ్యా అందరూ" అంది ఆవిడ. "పోయినేడూ ఒకాయన వచ్చి రాసుకుపోయాడు. మళ్లీ కనిపిస్తే ఒట్టు."

"ఈసారి చెబుతున్నది నేనమ్మా. బండి నాది, కూతురూ నాదే."

అలా అని, తను ఏం అన్నాడో అప్పుడు అర్థమైనట్టు నా వైపు తిరిగాడు. నేను సొరుగుల మీది బురద తుడుచుకుంటూ వినిపించనట్టు ఊరుకున్నాను. అలాంటి మాటలు విన్నామని తెలిస్తే మగవాళ్లు వెనక్కి తీసుకుంటారు. నీ మూడో ప్రశ్నకి జవాబు ఇదే. మీ నాన్న పట్టు ఆ కొండ మీదే ఎక్కడో జారిపోయింది. ఆయన దానికోసం వెతకడం లేదు.

ఇంటికి తిరిగొచ్చాక మీ అమ్మ వాకిట్లో దుప్పటి పరిచి ఒక్కో చుట్టా విప్పి ఒక్కో సీసా తీసి వెలుతురుకి పట్టి చూసింది. ఒక్కటి పగల్లేదు, ఒక్కటి కారలేదు. బయటివాళ్లు లాగలేదు. మీ అమ్మ మీ నాన్నతో ఒక్క ముక్క అంది: "కాపడం పెట్టనా, ఫోటో తియ్యనా?"

మర్నాడు నా తప్పు నేను ఒప్పుకున్నాను. నోటితో కాదు. మరమేకులు విప్పుతూ. నిప్పురవ్వని పిలిచి ఎడమ బీరువాలోని ఇనుమంతా నేల మీద పోయించాను. "ఒకటి అటు ఒకటి ఇటు పంచుదామా?" అన్నాను.

"ఎటు పెట్టినా బండి ఊగినప్పుడు పక్కకి లాగుతుంది టీచర్ గారూ. నడుమ, కింద, వెనక ఇరుసు మీద పెడదాం. మీరు దిండేసుకుని కూర్చున్న చోట."

మంచి మాట. రెండు బీరువాల మధ్య అడుగున ఒక పొడుగాటి లోతు సొరుగు చేయాలి. దాని ముందు వైపుకి ఒక చెక్క కావాలి. షెడ్డు మూల ఒక పలక మిగిలి ఉంది.

ఇప్పుడు నాలుగో ప్రశ్న. ఆ టేకు ఎక్కడిదో చెప్పే సమయం వచ్చింది. కూర్చుని చదువు.

అది నీ బల్ల. నీ గదిలో కిటికీ దగ్గరున్న చదువు బల్ల. నిన్ను అడక్కుండా కోయించాను. అడిగితే వద్దనేదానివి. నువ్వు పట్నంలో కుర్చీ ఉద్యోగానికి ఒప్పుకుని, సాయంత్రాలు ఇంటికొచ్చి దాని ముందు కూర్చుని రిపోర్టులు రాసుకుంటావని మీ నాన్న దానికి కొత్తగా వార్నిషు కూడా వేయించాడు. రోజూ ఆ గది ముందునుంచి వెళుతుంటే ఆ మెరుపు నన్ను చూసి నవ్వుతున్నట్టుండేది. నువ్వు వెనక్కి వచ్చి కూర్చోవడానికే ఆ బల్ల అక్కడుంది అనిపించింది. అందుకే కోయించాను. నాకు విచారం లేదు. అది నీ కోసం ఇంట్లో కూర్చుని ఎదురుచూడడం కంటే నీతో కొండెక్కడమే మేలు.

మిగిలిన ఆ పలక బల్ల పైభాగంలోది. వార్నిషు ఉన్న వైపు గీతలు పడ్డాయని తిరగేశాం. అడుగు వైపు ఏముందో నువ్వు చెప్పు చూద్దాం.

ఒక మూలనుంచి ఇంకో మూలకి, కంపాసు ముల్లుతో గీసిన ణలు. వంకరవి, కాళ్లు లేనివి, తలకిందులైనవి. నాకు వెంటనే తెలిసింది. ప్రాణం తప్పు రాశావని నీ బడి పలక నిండా రాయమంటే నువ్వు అలిగి బల్ల కింద దూరిన రోజు. ఆ రోజు నేను కోప్పడ్డందుకు ఇప్పటికీ నొచ్చుకోవడం లేదు. నీ ఉత్తరం చూశాక అసలు నొచ్చుకోవడం లేదు. కానీ వరసలో మొట్టమొదటి ణ ఒకటుంది. గుండ్రంగా, తీరుగా, పెద్దవాళ్ల చేతిది. నాది కాదు.

మీ నాన్నని పిలిచాను. నడుం పట్టుకుని కుంటుకుంటూ వచ్చి, వంగలేక వంగి చూశాడు.

"అది నేను గీసిందే" అన్నాడు.

"నువ్వా?"

"ఏడుస్తుంటే నేనూ కింద దూరాను. ఇలా చుట్టి, ఇలా దించాలని గీసి చూపించా. నువ్వు వంటింట్లో ఉన్నావు. మీ నానమ్మకి చెప్పకు అన్నాను. పాపం, ఇన్నాళ్లూ చెప్పలేదు."

నా ఇంట్లో, నా బల్ల కింద, నాకు తెలియకుండా ఇంకో బడి నడిచింది. అదీ అప్పటికే ఉద్యోగం చేసుకుంటున్న మనిషి, ముడుచుకుని కూర్చుని! నాకు కోపం రావాలి. వచ్చిందని చెప్పలేను. కొడుకుని పెంచింది నేనే కదా, అంత చక్కటి ణ వాడికి నేర్పింది కూడా నేనే.

ఆ పలకని అలాగే, గీతలు బయటికి కనిపించేలా, ఆ సొరుగుకి ముందు చెక్కగా బిగించాం. మొదటి ణ సరిగ్గా మధ్యలో వచ్చేలా నిప్పురవ్వ కోసింది. దానికి రంగు వేయలేదు. మిగతా సొరుగులకి నేను రాసిన అక్షరాలున్నాయి, దీనికి మీరిద్దరూ రాసుకున్నది చాలు. తెలుగులో ణతో మొదలయ్యే మాట లేదు. కాబట్టి గొలుసా, చైనా, సంకెలా అని ఆ సొరుగు దగ్గర ఎవరూ పోట్లాడుకోరు. బరువైనవన్నీ, ఎవరు ఏ పేరుతో పిలిచినా, అందులోనే. బండి ఇప్పుడు ఎటూ ఒరగడం లేదు. మీ నాన్న ముందుకీ వెనక్కీ తిప్పి మరీ చూశాడు. "నేల బాగుపడిందమ్మా" అన్నాడు.

తేలికైన వాటి సొరుగుల మీద ఇప్పుడు వస్తువు వస్తువుకీ రెండేసి పేర్లు ఉన్నాయి. నేను వాడే పేరు, పక్కన అందరూ వాడే పేరు. ఆ రెండోవి మీ నాన్న రాశాడు, నడుం నొప్పితోనే, పీట వేసుకుని. "అమ్మా, టార్చి అని రాయాలా, టార్చ్ అనా?" అని ప్రతిదానికీ అడుగుతూ. దిద్దుతూ నేనూ పక్కనే కూర్చున్నాను. చీపురు పక్కన ఏం రాయాలో ఇద్దరికీ తోచలేదు. దానికి ఒకటే పేరు.

నిన్న సాయంత్రం నేను షెడ్డులోకి వెళ్లేసరికి ఆయన వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో బండి తాళంచెవి. క సొరుగు తెరిచాడు, మూశాడు. త సొరుగు తెరిచాడు, మూశాడు.

"నేను కీ అంటాను. నువ్వు తాళంచెవి అంటావు" అన్నాడు నన్ను చూసి. "అమ్మడొచ్చి ఏమని వెతుకుతుందో."

"ఏమని వెతికినా దొరకాలి" అన్నాను.

వంగి, మూలిగి, ఆ మధ్య సొరుగు ఎత్తి లాగి, గొలుసు పక్కన పెట్టి మూశాడు. గడియ పడిన చప్పుడు విని కూడా ఇంకాసేపు దాని మీద చెయ్యి తీయలేదు.

శిక్షణ ముగించుకుని వచ్చాక నన్ను అడగకు, ఆయన్ని అడగకు. తిన్నగా షెడ్డులోకి వెళ్లు. అమ్మడూ, ఆ అక్షరం ఏ మాటకీ ముందు నిలబడదు. మధ్యలో ఉండి బరువు మోస్తుంది. ప్రాణానికి ఏ అక్షరమో, అది ఎక్కడుందో ఇకనుంచి నీకు తప్పు పోదు. నడుమ, కింద, ఇరుసు మీద.

ఇట్లు,
ఈ ఉత్తరానికి జవాబులో ఆ మాట మూడుసార్లయినా రాసి పంపమని ఆజ్ఞాపిస్తూ,
నీ బల్ల కోయించిన
నానమ్మ